నా కాలు, ఆమె మెడ

నేను ఎదురుకాళ్ళతో పుట్టాను. అంటే, తల ముందు రాకుండా కాళ్ళు ముందు వచ్చాయి. ఆ కాన్పులో తన ప్రాణం మీదికి వచ్చిన సంగతి మా అమ్మ ఒక్క ముక్కలో తేల్చేస్తుంది. నా పాదాల గురించి మాత్రం తీరిగ్గా చెబుతుంది. ఎందుకంటే మా వైపు ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళ కాలికి ఒక గుణం ఉంటుందని నమ్మకం. ఎవరికైనా నడుము పట్టేసినా మెడ పట్టేసినా, అలాంటి మనిషి ఆదివారం పొద్దున వచ్చి, పట్టిన చోట కాలితో మూడుసార్లు తాకితే ఆ పట్టు వదిలిపోతుంది.

మాది చిలమత్తూరు దగ్గర పల్లె. కూలికి పోతే గానీ పొయ్యి వెలగని ఇల్లు. మామూలు రోజుల్లో మా అమ్మను "ఏమే, ఈడికి రా" అని పిలిచే పెద్దిళ్ళవాళ్ళు ఆదివారం పొద్దున మాత్రం మా గుమ్మం ముందు నిలబడి, "మీ పాపను రవ్వంత పంపిస్తావామ్మా" అని అడిగేవాళ్ళు. నేను లంగా ఎగ్గట్టుకుని, పెద్ద రైతు వీపు మీద కాలు పెట్టేదాన్ని. ఆయన బోర్లా పడుకుని మూలుగుతూ ఉండేవాడు. తాకడం అయిపోయాక వంగి ఆయన వీపును ముట్టుకుని చేతులు కళ్ళకు అద్దుకోవాలి, పెద్దవాళ్ళకు కాలు తగిలింది కాబట్టి. ఆయన మెల్లగా లేచి, నడుము అటూ ఇటూ తిప్పి చూసుకుని, "తగ్గిపాయె పాపా" అనేవాడు. వాళ్ళింట్లో బెల్లం పెట్టి పంపేవాళ్ళు. ఆ రోజంతా మా అమ్మ నడకలోనే తేడా ఉండేది.

ఆ పట్లన్నీ పనితో వచ్చినవి. శనక్కాయ చెట్లు పీకినందుకు, మూటలు ఎత్తినందుకు, ట్యాంకరు దగ్గర్నుంచి బిందెలు మోసినందుకు వచ్చినవి. అలాంటివి నా కాలితో పోయాయో, వాటంతట అవే పోయాయో నాకు తెలియదు. పోయేవి అన్నది మాత్రం నిజం. నా కళ్ళతో చూశాను.

పీజీ చదవడానికి అనంతపురం వచ్చాక చూస్తే యూనివర్సిటీ హాస్టల్లో అందరి మెడలూ పట్టేసి ఉండేవి. అక్కడ ఎవరూ శనక్కాయ చెట్లు పీకలేదు, మూటలు ఎత్తలేదు. ఫోను ఎత్తారు. క్లాసు నోట్సు ఫోనులో, సార్లు పంపే పీడీఎఫ్‌లు ఫోనులో, సినిమా ఫోనులో, ఇంట్లోవాళ్ళు ఫోనులో. గదికి ఒకే ప్లగ్గు, అదీ గోడకు మోకాలెత్తులో. చార్జింగు వైరేమో పొట్టిది. అందుకని తలగడ ఉన్న మంచం వదిలేసి నేల మీద ఒక పక్కకు ముడుచుకుని, గడ్డం గుండెకు ఆనించి చూసేవాళ్ళం. పొద్దున లేస్తే ఒకరికి భుజం, ఒకరికి మణికట్టు, ఒకరికి వేళ్ళు. నేనేం తక్కువ తినలేదు. నాకు రీల్సు పిచ్చి లేదు గానీ మెసేజీల పిచ్చి ఉండేది, రెండు బొటనవేళ్ళతో కబుర్లు కొట్టి కొట్టి పంపేదాన్ని.

నా రూమ్మేటుది హిందూపురం. వాళ్ళ నాయనకు అక్కడ బజారులో సరుకుల అంగడి ఉంది. మంచి పిల్ల. నా తలకు నూనె పెట్టేది, ఇంటినుంచి తెచ్చుకున్న చక్కిలాలు డబ్బా మూత తీసి నా మంచం మీదే పెట్టేది. వాళ్ళింట్లో నలుగురి మధ్య కూర్చుని తిన్నాను. ఆమె మంచిదని ఇప్పుడు కూడా రాస్తున్నాను, అదే నా బాధ.

చేరిన కొత్తల్లోనే ఒక శనివారం ఆమె దువ్వెన పట్టుకుని మంచం మీద కూలబడింది.

"మెడ తిప్పలేకపోతాండానే. తల దువ్వుకునేదానికి కూడా కావడంల్యా."

"రేపు ఆదివారం కదా, పొద్దున్నే తగిలిస్తాలే" అన్నాను.

"ఏం తగిలిస్తావు?"

"కాలు."

ఆమె నవ్వింది. నేను ఎదురుకాళ్ళతో పుట్టిన కథంతా చెప్పాను. మర్నాడు పొద్దున ఆమె బోర్లా పడుకుంటే, ఇనుప మంచం కమ్మీ పట్టుకుని నిలబడి, మెడకూ భుజానికీ మధ్య కుడి మడమతో మెత్తగా మూడుసార్లు తాకాను. లేచి కూర్చుంది. తల అటు తిప్పింది, ఇటు తిప్పింది. "ఏమే, నిజంగానే తగ్గిపాయె" అంది. అప్పటికప్పుడు వాళ్ళమ్మకు వీడియో కాల్ చేసి నా కాలు చూపించింది. వాళ్ళమ్మ ఫోనులోనే నా కాలికి దండం పెట్టింది. నాకు సిగ్గేసింది. ఆ సిగ్గు కింద ఎంత సంతోషం ఉందో నాకొక్కదానికే తెలుసు. హాస్టల్లో అందరికీ ఏదో ఒకటి వచ్చు. ఒకామె పాడుతుంది, ఒకామె ఇంగ్లీషు గడగడా మాట్లాడుతుంది. నాకు కూడా ఒకటి ఉంది అనిపించింది.

ఆ తర్వాత ఆదివారం వస్తే మా గది ముందు చెప్పులు పేరుకునేవి. రూమ్మేటే అందరికీ చెప్పేది, అందరినీ వరుసలో నిలబెట్టేది. "మొగం కడుక్కోకుండా రాండి, ఫోన్లు బయట పెట్టి రాండి" అని ఆర్డర్లు వేసేది. అందరికంటే ముందు తనే పడుకునేది. ప్రతి ఆదివారం తగిలించుకునేది. "వారానికొకసారి తగిలితే ఇంగ రాదు" అనేది.

నాకు కావలసింది ఒకటి ఉంది. టైపు హయ్యర్ పరీక్ష పాసవడం. కోర్టులో టైపిస్టు ఉద్యోగాలు పడతాయని, హయ్యర్ పాసైనవాళ్ళనే తీసుకుంటారని తెలుసుకుని టవర్ క్లాక్ దగ్గర ఒక మిద్దె మీద ఉన్న టైపు ఇన్‌స్టిట్యూటులో చేరాను. ఈ సంగతి ఫోనులో చెబితే నాయన, "ఫ్యాను కింద కూర్చోని చేసే పనేనా?" అని అడిగాడు. అవునన్నాను. "అయితే నేర్చుకో" అన్నాడు. మా ఇంట్లో అంతవరకు నీడలో కూర్చుని పని చేసినవాళ్ళు లేరు. ఆ ఫ్యాను మా నాయన కంటికి కనిపించిందని ఆయన గొంతులోనే తెలిసింది.

ఇన్‌స్టిట్యూటులో పాత మిషన్లు. అక్షరం గట్టిగా కొడితే గానీ కాగితం మీద పడదు. పది వేళ్ళకూ పని ఉంటుంది, బొటనవేలికి మాత్రం ఖాళీ వదలడం తప్ప వేరే పని లేదు. ఫోనులో అదే బొటనవేలు అన్ని వేళ్ళ పనీ చేస్తుంది. నా నొప్పి కూడా అక్కడే మొదలైంది, కుడి బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన. బకెట్టు ఎత్తితే చురుక్కుమనేది. తర్వాత మెడ పట్టింది. తర్వాత భుజం. వానలు మొహం చాటేసిన ఆ ఏడాది చివరికి, ముంజేతి మీదుగా ఒక జుమ్ము దిగి చిటికెనవేలు, దాని పక్కవేలు మొద్దుబారడం మొదలైంది. ఇంగ్లీషు టైపులో పీ అక్షరం కొట్టేది కుడి చిటికెనవేలే. నా కాగితాల్లో పీ లేని మాటలు కనిపించసాగాయి.

అందరి మెడలూ నేను తాకుతున్నాను, నా మెడకు నేనే కాలు తగిలించుకోలేను. ఇది ఆమెతోనే చెప్పుకున్నాను. ఇంకెవరితో చెప్పుకుంటాను? ఆమె నా చేయి ఒళ్ళో పెట్టుకుని జండూబామ్ రాస్తూ విన్నది.

"డాక్టరు దగ్గరికి పోదామా అనుకుంటాండా" అన్నాను.

"డాక్టరు ఏం చేస్తాడే? ఊరికే స్కానింగులు రాస్తాడు. నీ మాదిరి ఎదురుకాళ్ళోళ్ళు ఇంకొకరు యాడన్నా ఉంటే చూడు. నాకు తగ్గలేదా?"

ఆమెకు తగ్గిన మాట నిజమే కదా. తల అటూ ఇటూ సులువుగా తిప్పుతోంది, తల తనే దువ్వుకుంటోంది. నా కళ్ళెదురుగా ఉన్న సాక్ష్యం కంటే ఇంకేం కావాలి? పైగా నా కాలు పనికిరాదని నేనే డాక్టరు దగ్గరికి పోతే, నన్ను నేను తిట్టుకున్నట్టు ఉంటుంది కదా అనిపించింది.

అమ్మ వాకబు చేసింది. బుక్కరాయసముద్రంలో ఒకామె ఉందని తెలిసింది. ఆదివారం పొద్దున్నే అమ్మ ఊరినుంచి దిగింది, ఇద్దరం ఆటోలో పోయాం. ఆ ఏడు చెరువు అడుగంటి గేదెలు బురదలో నిలబడి ఉన్నాయి. కట్టకు దగ్గరగా ఉన్న ఇల్లు. ఆమె లావుపాటి మనిషి, మాటల మనిషి. నన్ను చాప మీద బోర్లా పడుకోమంది. అంతవరకు ఎన్ని వీపుల మీద కాలు పెట్టానో గానీ, ఒకరి కాలి కింద పడుకోవడం నాకదే మొదలు. మడమ గరుకుగా, బరువుగా మెడ మీద ఆనింది. లోపల ఏమైనా కదులుతుందా అని ఊపిరి బిగబట్టి చూశాను. ఏమీ కదల్లేదు.

"తగ్గిందా పాపా?" అందామె.

అమ్మ నా మొహంలోకే చూస్తోంది. ఆమె కూడా ఆశగా చూస్తోంది, పొద్దున్నే పని మానుకుని మరీ కాలు పెట్టిన మనిషి. "తగ్గింది" అన్నాను. ఆ మాట ఎంత సులువుగా వచ్చేసిందో. నాతో ఇంతమంది అన్న అదే మాట నా నోట్లోంచి అబద్ధంగా బయటికొచ్చినప్పుడైనా నాకు వెలగాల్సింది. వెలగలేదు. నా నొప్పి మొండిది, అందుకే పోలేదు అనుకున్నాను. తిరుగు ఆటోలో అమ్మ కళ్ళు తుడుచుకుని, "ఇంగ భయంల్యా" అంది.

హాస్టల్లో చిన్న చిన్న సంగతులు నేను చూస్తూనే ఉన్నాను. రూమ్మేటు తలగడ తీసేసి తువ్వాలు చుట్ట చుట్టి మెడ కింద పెట్టుకునేది. ఫోను ఒళ్ళో పెట్టుకోవడం మానేసి, పుస్తకాల దొంతర మీద కళ్ళెత్తులో నిలబెట్టి చూసేది. మిద్దె మీదికి పోయి గోడకు వీపు ఆనించి నిలబడి, గడ్డం వెనక్కి నొక్కుకుంటూ ఉండేది. "ఏం చేస్తాండావే?" అంటే "గాలి పీల్చుకుంటాండా" అనేది. మంగళవారం, శుక్రవారం సాయంత్రం అమ్మవారి గుడికి పోయేది. నేను టైపుకు పోయే వేళ కాబట్టి కలిసి పోయే వీలుండేది కాదు. వచ్చేటప్పుడు చిన్న కాగితం పొట్లంలో కుంకుమ తెచ్చి నా నుదుట పెట్టేది. "నీ చెయ్యి నయం కావాలని మొక్కుకున్నా" అనేది.

పరీక్ష దగ్గరపడింది. టైపు సారు ఒకరోజు నా వెనక నిలబడి కాగితం చూసి, "నీ వేలు ఆడ్డంల్యా పాపా. వేలు పోగొట్టుకుని టైపు నేర్చుకునేదేముంది? ఈరోజు మిషన్ ముట్టుకోవద్దు, పోయి చూపించుకో" అని కసిరాడు. రైల్వే స్టేషనుకు పోయే దావలో ఫిజియోథెరపీ డాక్టరు ఒకాయన ఉన్నాడని చెప్పాడు. అది శుక్రవారం. మిద్దె దిగి అటే నడిచాను.

గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తుంటే పక్కన నీలం పట్టీ చెప్పులు కనిపించాయి. అలాంటివి ఊళ్ళో ఎంతమందికో ఉంటాయి. కానీ ఎడమ చెప్పు పట్టీ ఊడితే నల్లదారంతో కుట్టింది నేను. అడ్డదిడ్డంగా ఉన్న ఆ కుట్టు నాదే. గుడికి పోయిన మనిషి చెప్పులు ఇక్కడెందుకు ఉన్నాయి అనుకున్నాను. అప్పటికి కూడా ఎవరికైనా తోడొచ్చిందేమో అనుకున్నాను. అంత నమ్మకం.

డాక్టరు నన్ను కూర్చోబెట్టి, బొటనవేలు గుప్పిట్లో ముడిచి మణికట్టు కిందికి వంచమన్నాడు. వంచగానే కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. మెడ పట్టి చూశాడు, వేళ్ళ కొసలు గిచ్చి చూశాడు.

"ఎన్నాళ్ళయింది తిమ్మిరి ఎక్కబట్టి?"

చెప్పాను. కాలు తగిలించుకున్న సంగతి కూడా చెప్పాను.

"ఇది పట్టు కాదమ్మా. పట్టు అయితే రెండు మూడు రోజుల్లో దానంతట అదే వదులుతుంది. నువ్వు ఫోను చూసినంతసేపూ తల బరువంతా వంగిన మెడ మీదే మోస్తున్నావు. నరం ఒత్తుకుంటోంది. బొటనవేలి దగ్గర పొర వాచింది. తిమ్మిరి మొదలైన వారంలోనే వచ్చుంటే తొందరగా సర్దుకునేది. ఇప్పుడు టైం పడుతుంది. టైపు కొన్నాళ్ళు ఆపేయాల్సిందే."

"పరీక్ష ఉంది సార్."

"చేయి కావాలా, పరీక్ష కావాలా?"

అప్పుడే పక్క తెర తొలగింది. జుట్టు పైకి ముడేసుకుని, వేడి కాపడం పెట్టిన మెడ ఎర్రగా ఉండగా నా రూమ్మేటు బయటికొచ్చింది. నన్ను చూసి నిలబడిపోయింది. డాక్టరుకు ఏం తెలుసు పాపం, మంచి ఉదాహరణ దొరికిందని సంబరంగా, "ఈ పాపను చూడమ్మా, మీ యూనివర్సిటీనే. దసరా ముందు వచ్చినప్పుడు తల తిప్పలేకపోయేది. చెప్పినట్టు విని, ఫోను తగ్గించి, ఎక్సర్సైజులు చేసింది. ఇప్పుడు దాదాపు నయమైపోయింది" అన్నాడు.

దసరా ముందు. శివరాత్రి కూడా దాటిపోయిన రోజులవి. ఆ మధ్యలో వచ్చిన ప్రతి ఆదివారం ఆమె నా మంచం మీద బోర్లా పడుకుంది. ప్రతిసారీ లేచి, అందరి ముందు తల తిప్పి చూపించి, తగ్గిపాయె అంది.

బయట ఆటోల పక్కన ఆమె నా చేయి పట్టుకోబోయింది. విదిలించుకున్నాను. నొప్పి చేతినే విదిలించాను, ప్రాణం పోయినట్టయింది.

"నా కాలితో తగ్గిందని చెప్పినావు."

"ఫస్టు సారి నిజంగానే తగ్గిందే. మళ్ళీ పట్టింది. చేతి దాకా గుంజినాది. అమ్మకు చెప్తే ఈడికి పంపించింది, ఎవరికీ చెప్పొద్దనింది. సంబంధాలు చూస్తాండారు కదా. ఆడపిల్ల నరాల డాక్టరు దగ్గరికి పోతాందని తెలిస్తే ఏమనుకుంటారు? ఏదో రోగముందంటారు. పట్టు అంటే ఎవరూ ఏమనుకోరు. ఎవరికైనా వస్తాది."

"అందుకని నా కాలు అడ్డం పెట్టుకున్నావు."

ఆమె చున్నీ మెడ చుట్టూ కప్పుకుంది.

"నాకు చెప్పింటే నేను ఎవరికి చెప్పేదాన్ని?"

"నువ్వు నమ్మితేనే కదే, మిగతావాళ్ళు నమ్మేది" అంది.

ఆ మాట అనేసి తనే నోరు నొక్కుకుంది. నిజం అలాగే వస్తుంది, ఎవరూ అడగనప్పుడు. నేను అడగదల్చుకున్నది ఇంకొకటి ఉంది. నా చేయి మొద్దుబారుతోందని చెప్పినప్పుడు, ఆ రోగమేమిటో, దానికి మందేమిటో, ఆ డాక్టరు ఎక్కడుంటాడో అన్నీ తెలిసి, డాక్టరు వద్దు ఇంకొక కాలు చూసుకో అని ఎలా చెప్పగలిగావు అని. నేను డాక్టరు దగ్గరికి పోతే తన గుట్టు బయటపడుతుంది. అందుకే చెప్పింది. అడగకుండానే తెలిసిపోయింది, అడిగి ఏం లాభం?

"మరి ఆ కుంకుమ?" అన్నాను.

"పక్కన అంగట్లో కొన్నా" అంది తల వంచుకుని.

చిత్రంగా ఉంటుంది గానీ, చేతికంటే, పరీక్షకంటే ఆ కుంకుమే నన్ను ఎక్కువ ఏడిపించింది. ఎదురుగా నిలబడి నుదుట పెట్టించుకున్నాను. కళ్ళు మూసుకుని మరీ పెట్టించుకున్నాను.

వార్డెనుకు ఏదో సాకు చెప్పి గది మారాను. ఆదివారాలు నా తలుపు కొట్టినవాళ్ళకు ఇక తగిలించనని చెప్పాను. గర్వమెక్కిందన్నారు. టైపు పరీక్ష ఆ విడత రాయలేదు. కోర్టు ఉద్యోగాలకు నోటిఫికేషన్ పడింది, దరఖాస్తుల గడువు అయిపోయింది. నాయనకు ఫోను చేసి చెబితే, "పోనీలే పాపా, చెయ్యి బాగుంటే శానా" అన్నాడు. ఫ్యాను సంగతి ఎత్తలేదు. ఎత్తి తిట్టినా బాగుండేది.

డాక్టరు చెప్పినవన్నీ చేస్తూ వచ్చాను. మెడ చాలావరకు నయమైంది. వేళ్ళు మాత్రం ఇప్పటికీ పూర్తిగా నావి కాలేదు. ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. బోర్డు మీద సగం రాసేసరికి సుద్దముక్క జారిపోతుంది. పిల్లలు దాన్ని ఏరి ఇస్తారు, బల్ల కింద ఫోను దాచుకుని.

నేను గది మారిన తర్వాతి ఏడాది ఎండాకాలంలో ఆమె పెళ్ళి కుదిరింది. వాళ్ళమ్మ స్వయంగా ఫోను చేసింది. ఒకసారి కాదు, వచ్చేదాకా చేసింది. "నువ్వు రాకుంటే మా పాప పీటల మీద కూర్చోనంటాంది తల్లీ" అంది. మా అమ్మ కూడా, వాళ్ళింట్లో తిన్నదానివి, పిలిచినప్పుడు పోకపోతే బాగుండదు అంది. పోయాను. అబద్ధమెందుకు, నాలో ఒక మూల ఆశ ఉండింది. ఒక పక్కకు పిలిచి, తప్పయిపోయింది అంటుందేమో అని. అంటే ఏడ్చేసి సర్దుకుపోయేదాన్ని.

హిందూపురంలో కల్యాణ మండపం. పెళ్ళికూతురి గదిలోకి అడుగుపెట్టేసరికి ఆమె కుర్చీలో కూర్చుని ఉంది. జడ వేస్తున్నారు. గోరింట పెట్టిన చేతిలో ఫోను. వీపు నిటారుగా, ఫోను కళ్ళెత్తులో. డాక్టరు నేర్పిన కూర్చోవడం. ఆ గదిలో అది గుర్తుపట్టగలిగింది నేనొక్కదాన్నే.

కింద జంపఖానా మీద పెద్దావిడ ఒకామె పడుకుని ఉంది. పెళ్ళికొడుకు పెద్దమ్మట. వాళ్ళది గౌరిబిదనూరు. బస్సు దిగేటప్పుడు నడుము పట్టేసిందని చెప్పారు. నన్ను చూడగానే పెళ్ళికూతురి అమ్మ మొహం వెలిగిపోయింది.

"అదిగో వచ్చె మా ఎదురుకాళ్ళ పాప. నేను చెప్పలేదా వదినా? మా పాపకు మెడ పట్టేస్తే ఈమె కాలితోనే పోయింది, ఒక మాత్ర కూడా మింగలేదు. ఈరోజు ఆదివారం కూడాను. ఒక్కసారి తగిలించు తల్లీ."

నన్ను అంత గట్టిగా ఎందుకు పిలిచారో అప్పుడు అర్థమైంది. వియ్యాలవారికి చూపించడానికి ఒక కాలు కావాలి. పెళ్ళికూతురి మెడ గురించి ఎవరైనా ఏమైనా విని ఉంటే, దానికి జవాబుగా నేను నడిచి రావాలి.

పెద్దావిడ పక్కన కూర్చున్నాను. "కాల్లోకి ఏమైనా దిగుతాందా పెద్దమ్మా?" అని అడిగాను.

"అవును పాపా. పిక్క దాకా జుమ్మంటాది. వేళ్ళు మొద్దుబారతాండాయి. ఇప్పటిది కాదు, ఉగాదికి ముందునుంచి ఉండాది. ఈరోజు మరీ ఎక్కువాయె."

"అయితే ఇది పట్టు కాదు. కాలు పెట్టకూడదు. డాక్టరుకు చూపించుకోవాల."

పెళ్ళికూతురి అమ్మ నవ్వింది. "చదువుకున్నోళ్ళు అట్లనే అంటారు వదినా. డాక్టరు ఎందుకు? మా పాపకు తగ్గలేదా?"

నేను పెళ్ళికూతురి వైపు తిరిగాను. గదిలో ఆడవాళ్ళంతా అటే తిరిగారు. తిమ్మిరి అంటే ఏమిటో ఆమెకు తెలుసు. ఆలస్యం చేస్తే ఏమవుతుందో నా చేయి చూసి తెలుసు. మొత్తం నిజం చెప్పమని నేను అడగలేదు. డాక్టరుకే చూపించండి అత్తా అని ఒక్క మాట అన్నా చాలు.

"నువ్వు చెప్పు" అన్నాను.

ఆమె ఫోను దించింది. నన్ను చూసింది, వాళ్ళమ్మను చూసింది.

"తగిలించవే, ఏమవుతాది?" అంది. "నాకు తగ్గలేదా?"

అవే మాటలు. నా చేయి ఒళ్ళో పెట్టుకుని అన్న మాటలే. అప్పుడు తెలియక మోసపోయాను. ఇప్పుడు నా ఎదురుగా, నాకు తెలుసని తెలిసి కూడా అంది.

పెద్దావిడ వైపు తిరిగాను.

"పెద్దమ్మా, అనంతపురంలో స్టేషనుకు పోయే దావలో ఫిజియోథెరపీ డాక్టరు ఉండాడు. నా చేతికి ఆయనే చూస్తాండాడు, మంచాయన. తప్పకుండా పొండి. మీ కోడలు పంపించిందని చెప్పండి. దసరా నుంచి శివరాత్రి దాకా ఆమె మెడకు చూసినాడు, బాగా గుర్తుంటాది."

మర్యాదగానే చెప్పాను. ఆ ముసలామె కాలు కోసం సగం, నా కోపం కోసం సగం చెప్పాను. జడ వేస్తున్న ఆమె చేతులు ఆగాయి. పెద్దావిడ మోచేతి మీద లేచి, "అవునా పాపా?" అని కోడల్ని అడిగింది.

పెళ్ళికూతురు నా వైపే చూస్తోంది. నమ్మిన మనిషి ఇంత పని చేసిందా అన్న చూపు. ఆటోల పక్కన నిలబడి నేను ఆమెను చూసింది కూడా అలాగే.

గుమ్మం దగ్గర నా చెప్పులు వెతుక్కుని, వేసుకుని, బస్టాండుకు నడిచాను.